రెండో చప్పుడు

"రెండో జోడు" అన్న మాట ఆ ఇంట్లో నిన్న సాయంత్రం పడింది. ఇవాళ మధ్యాహ్నానికి అది పులిసి, పొంగి, గిన్నె అంచు దాటింది.

తప్పు ఫోనుది కాదు. ఫోన్ చేసిన కోడలి అన్నయ్యదీ కాదు, కనీసం ఆ తప్పు. "అత్తయ్యా, రెండో జాబు సంగతి బయటపడిందని బావకి చెప్పు," అని స్పష్టంగానే అన్నాడు. కానీ అత్తగారి కుడి చెవి ఎప్పుడో పని మానేసింది. ఎడమ చెవి ఒక్కటే రెండు చెవుల పనీ చేస్తోంది. దానిదీ ఒక రకంగా రెండో ఉద్యోగమే. ఆ అలసటలో జాబు కాస్తా జోడయి, అలాగే కోడలి చెవిన పడింది.

కళ్ళజోడయితే ముక్కు మీద ఉంటుంది, చెప్పులజోడయితే గుమ్మం దగ్గర ఉంటుంది. ముక్కు మీదా గుమ్మం దగ్గరా కనబడని రెండో జోడు మరెక్కడుంటుందో ఊహించుకోవడానికి కోడలికి ఎక్కువసేపు పట్టలేదు. వానాకాలం మొదలైనప్పటినుంచీ మొగుడు సాయంత్రాలు ఇంట్లో ఉండటం లేదు. అడిగితే "ఓవర్‌టైమ్" అంటున్నాడు. ఓవర్ ఎంతో, టైమ్ ఎంతో ఆమె ఇన్నాళ్ళూ అడగలేదు.

ఆ మొగుణ్ణి రొట్టెల ఫ్యాక్టరీలో అందరూ పుర్రచెయ్యి అంటారు. పేరుకి తగ్గట్టే అన్నీ ఎడమచేత్తో చేస్తాడు. ఇవాళ పొద్దున షిఫ్టు మధ్యలో యజమాని అతన్ని పిలిపించాడు. సాయంత్రం నాలుగింటికి విచారణ అన్నాడు. అనుమతి లేకుండా ఇంకో రొట్టెల బట్టీలో పనిచేస్తున్నావు, ఉద్యోగం ఎందుకు తీసెయ్యకూడదో చెప్పుకో అన్నాడు. అక్కడినుంచి పుర్రచెయ్యి ఇంకో రెండు చోట్లకి వెళ్ళి, చొక్కా మార్చుకోవడానికి ఇల్లు చేరాడు.

ఇల్లు కూడా ఫ్యాక్టరీదే. ఉద్యోగం పోతే గోడలు కూడా దాంతోపాటే పోతాయి.

గుమ్మం బయట బల్ల మీద అతని దిండు, చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను ఒక దుప్పట్లో మూటకట్టి ఉన్నాయి. కోపంలో కూడా ఆమె మడతలు చెడవు.

లోపల కుట్టుమిషను ఆగకుండా నడుస్తోంది. భార్య తలెత్తలేదు. భోజనాల బల్ల దగ్గర తల్లి బఠాణీలు ఒలుస్తోంది. గింజలు పడుతున్నది ఒక పాత రేకు ట్రేలో. ఫ్యాక్టరీలో కొత్త ట్రేలు వచ్చినప్పుడు పాతవాటిని తలా ఒకటి ఇచ్చారు, అందులో ఒకటి అది.

"అప్పుడే సర్దడం మొదలుపెట్టావా?" అన్నాడతను. "సాయంత్రం దాకా ఆగొచ్చుగా. ఇంకా నిర్ణయం కాలేదు."

"మీకు కాలేదేమో. నాకయింది."

ఇల్లు ఖాళీ చెయ్యడం గురించి అనుకున్నాడతను. నిన్న ఇంటికి ఫోన్ చేశానని బావ పొద్దున చెప్పాడు కాబట్టి సంగతంతా తెలిసిపోయిందనుకున్నాడు. ఒక రకంగా బరువు దిగినట్టే అనిపించింది. చేతిసంచీ జాగ్రత్తగా గోడకి ఆనించి, స్టూలు మీద కూర్చున్నాడు.

"నీ దగ్గర దాచడం తప్పే," అన్నాడు.

"ఎవరావిడ?"

"రైలు గేటు అవతల ఉంటుంది. ఒక్కతే. పాపం, భుజం జారింది."

"భుజం."

"చెయ్యి పైకి లేవడం లేదు. రోజూ ఆ దారినే వస్తాను కదా, చూసి ఊరుకోలేకపోయాను."

"అందుకని మీ చెయ్యి అందించారు."

"అవును," అన్నాడతను, ఉన్నమాట చెప్పేస్తున్న వాడి ధైర్యంతో. "ఆవిడ రమ్మనలేదు. నేనే వెళ్ళాను. దమ్మిడీ తీసుకోలేదు కూడా."

మిషను వేగం పెరిగింది. గుడ్డ మీద ఆమె కుట్టు వంకర పోవడం అతను మొదటిసారి చూశాడు.

"ఆవిడ వయసెంత?"

"మా అమ్మకంటే పెద్దదే."

దారం తెగింది. ఎగతాళి చేస్తున్నాడనుకుంది ఆమె. తెగిన కొసని సూదిలోకి ఎక్కించే ప్రయత్నం రెండుసార్లు చేసి, మానేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అతను ఇంకేదో చెప్పబోయాడు గానీ ఆ మొహం చూసి లేచి నిలబడ్డాడు. మొహం కడుక్కుని వస్తానని పెరట్లోకి వెళ్ళాడు.

అప్పుడు వచ్చాడు ఆమె అన్నయ్య.

ఆయన అదే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మిషన్ల హాలు మొత్తం ఆయన చేతికింద నడుస్తుంది, పుర్రచేతితో సహా. వీడికి వాడు బావ, వాడికి వీడు బావ. ఇన్నాళ్ళూ ఆ పిలుపులో కాస్త భావం కూడా ఉండేది.

పెరటి కుళాయి దగ్గర నీళ్ళు పడుతూనే పుర్రచెయ్యి లోపలి మాటలు విన్నాడు. బల్ల మీద ఆ మూటేమిటని ఆయన చెల్లెల్ని అడిగాడు. నీ ఫోనే కదా అన్నయ్యా అంది ఆమె. రెండో జోడు సంగతి నువ్వే చెప్పావు, ఆయన ఇప్పుడే ఒప్పుకున్నారు, గేటు అవతల ఎవర్తో ఉందట, భుజం పట్టుకోవడానికి వెళుతున్నారట అంది. ఆమె ఏడవలేదు. ధర చెబుతున్నట్టు చెప్పింది.

పుర్రచెయ్యి కుళాయి కట్టేశాడు.

జోడు. తాను చెప్పిన ప్రతి మాటా వెనక్కి వచ్చి, ఒక్కొక్కటీ కొత్త అర్థంతో చెంప మీద తగిలింది. పరిగెత్తుకెళ్ళి కాదని చెప్పబోయి, ఆగాడు. ఆ పని బావ చేస్తాడు. జాబు అన్నవాడు ఆయనే కదా. ఒక్క ముక్క చెబితే చాలు.

లోపల బఠాణీలు ఒక్కొక్కటే రేకు మీద పడుతున్నాయి.

"నువ్వేం కంగారుపడకు చెల్లాయ్," అన్నాడు సూపర్‌వైజరు చివరికి. "నేను మాట్లాడతాను."

అంతే. జోడుని జోడుగానే ఉంచేసి, ఆయన పెరట్లోకి వచ్చాడు.

"జాబు అని ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాడు పుర్రచెయ్యి, మొహం తుడుచుకోకుండానే.

సూపర్‌వైజరు తలుపు దగ్గరికి లాగాడు. "నిన్న కంగారులో ఫోన్‌లో అనేశాను గానీ, జాబు అంటే చెల్లాయి వెంటనే అడిగే ప్రశ్న ఏమిటో నీకు తెలియదా? ఎవరు సరేనన్నారు అని. ఆ ప్రశ్న నాలుగింటి తరవాత రానీ. అప్పుడు నేనే కూర్చోబెట్టి అంతా చెబుతాను. ఈ కాసేపూ ఓర్చుకో."

"ఈ కాసేపూ నా భార్య నన్నేమనుకోవాలి?"

"ఏదో ఒకటి అనుకుంటుంది. సాయంత్రానికి సర్దుకుంటుంది. ఉద్యోగం సర్దుకోదు కదా."

ఫ్యాక్టరీ నిబంధన ఇద్దరికీ కంఠతా వచ్చు. వేరే రకం పనైతే చెప్పి చేసుకోవచ్చు. అదే రకం పనైతే అడిగి, అనుమతి తీసుకుని చెయ్యాలి, జీతానికైనా సరే, ఊరికేనైనా సరే. పిండి కలిపే పద్ధతులు గడప దాటకూడదన్నది యజమాని భయం. ఆ భయంలో అన్యాయం లేదని పుర్రచెయ్యి కూడా ఒప్పుకుంటాడు. అందుకే అడిగాడు.

అడిగింది మిషన్ల హాల్లో. ఆ హాల్లో మిషన్ల హోరుకి మాట వినబడదు. అక్కడ అందరూ రేకు మీద వేలి కణుపులతో కొట్టి మాట్లాడుకుంటారు. ఒక చప్పుడంటే ఆగు. రెండు చప్పుళ్ళంటే సరే. కొత్తగా చేరినవాడికి పిండి తూకం కన్నా ముందు నేర్పేది ఇదే, ఎందుకంటే బట్టీ తలుపు దగ్గర ఉన్నవాడు రెండో చప్పుడు వినకుండా చెయ్యి లోపల పెట్టడు. ఆ రోజు పుర్రచెయ్యి బావ చెవి దగ్గర నోరు పెట్టి, గేటు అవతల బట్టీలో సాయంత్రాలు చెయ్యనా అని అడిగాడు. సూపర్‌వైజరు ట్రే మీద కొట్టాడు, టక్ టక్. తరవాత క్యాంటీనులో, ఇంట్లో మాత్రం అనకు, చెల్లాయి నోట ఆగదు అని కూడా చేర్చాడు.

"కార్మిక ఆఫీసుకి వెళ్ళొచ్చాను," అన్నాడు పుర్రచెయ్యి. "అక్కడ సలహాలు చెప్పే ఆవిడని అడిగాను. పై అధికారికి తెలిసి, ఆయన వద్దనకపోతే, అనుమతి ఉన్నట్టే వాదించుకోవచ్చంది. ఆ మాట నేనంటే లాభం లేదంది. ఆ అధికారి నోటితో రావాలంది."

సూపర్‌వైజరు టోపీ తీసి, లోపలి అంచు చూసుకుంటూ నిలబడ్డాడు.

"నేను చెబితే ఇద్దరం పోతాం," అన్నాడు. "అడిగినవాణ్ణి పైకి పంపకుండా నేనే సరేననడం నా తప్పవుతుంది. నేను చెప్పకపోతే ఒక్కడివే పోతావు. ఆలోచించు. నేను లోపల ఉంటే నిన్ను మళ్ళీ తెచ్చుకునే దారి ఉంటుంది. ఇద్దరం బయట ఉంటే ఎవరు ఎవర్ని తెస్తారు?"

ఆ మాట తప్పని అనడానికి పుర్రచేతికి ఒక్క కారణం దొరకలేదు. అదే ఎక్కువ బాధనిపించింది.

"అసలు నీకెందుకు బావా ఈ గొడవ," అన్నాడు సూపర్‌వైజరు, ఈసారి కొంచెం మెత్తగా. "డబ్బులా తీసుకోలేదు. ఆవిడ చుట్టమా కాదు. దేనికి వెళ్ళావు?"

"మిషన్లు వచ్చాక నా పనేమిటో నీకు తెలుసు కదా. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటకుండా చూడటం. పొద్దున్నుంచి ముల్లు కేసి చూస్తాను, అది నా కేసి చూస్తుంది. ఒకరోజు ఇంటికొస్తుంటే ఆవిడ ఒంటిచేత్తో పిండి తిరగేస్తోంది. లోపలికెళ్ళి చెయ్యి పెట్టాను. పిండి గుర్తుపట్టింది బావా."

సూపర్‌వైజరుకీ ఒకప్పుడు చేతినిండా పిండి ఉండేది.

"నాలుగింటి దాకా," అన్నాడాయన మళ్ళీ. "అంతే అడుగుతున్నాను."

ఉద్యోగంలో అనుమతి లేకపోతే తప్పు, కాపురంలో అనుమానం ఉంటే ముప్పు. ఒకదాన్ని కాపాడుకోవడానికి రెండోదాన్ని పెంచి పోషించమంటున్నాడు బావ. పుర్రచెయ్యి చొక్కా అంచుతో మొహం తుడుచుకుని తలుపు తీశాడు. భార్య కత్తిరించిన దారం ముక్కలు ఏరి ఒకచోట పెడుతోంది. ఆమె మెడ వంచిన తీరు చూసి, నాలుగింటి దాకా అన్నది చాలా దూరమనిపించింది.

సంచీలోంచి రొట్టె తీసి ట్రే పక్కన పెట్టాడు. విచారణలో ఏదీ దాచకు, చేసింది చూపించు అని కార్మిక ఆఫీసు ఆవిడ చెబితే, గేటు అవతలికి వెళ్ళి తెచ్చుకున్నది.

"ఇదే నా రెండో జోడు," అన్నాడు.

భార్య చూడలేదు. తరవాత చూసింది. తరవాత లేచి వచ్చింది.

రొట్టె మీద గాట్లు ఎడమవైపుకి వాలి ఉన్నాయి. ఫ్యాక్టరీ మిషను గాట్లు కుడికి వాలతాయి, కుడిచేతి వాళ్ళవీ అంతే. ఈ ఇంట్లో చిక్కుడుకాయ నుంచి సబ్బుబిళ్ళ దాకా అతను కోసినదేదైనా ఇలాగే ఎడమకి వాలుతుంది. ఆమె వేలితో ఒక గాటు వెంట నడిచింది.

"ఇది గేటు అవతల కొట్టుది," అంది. "నేను కొంటూనే ఉన్నాను. అత్తయ్యకి మెత్తగా ఉంటుందని. మిషన్లు రాకముందు మీరు తెచ్చే రొట్టెలా ఉందే అనుకునేదాన్ని."

"అలాగే ఉంటుంది. చేసింది నేనేగా. ఆ కొట్టు ఆవిడ బట్టీ అది. సాయంత్రాలు వెళ్ళి పిండి పిసుకుతున్నాను. జాబు. నిన్న మీ అన్నయ్య ఫోన్‌లో చెప్పింది రెండో జాబు. జోడు కాదు."

ఆమె చెయ్యి రొట్టె మీదే ఉండిపోయింది. మొహంలో ఒక రంగు పోయి, ఇంకో రంగు వచ్చింది. సంతోషం రావాల్సిన చోట భయం వచ్చింది.

"పోయిన వారం కర్టెన్లు ఇవ్వడానికి పెద్దాయన ఇంటికి వెళ్ళాను," అంది నెమ్మదిగా. "ఉత్తచేతులతో వెళ్ళడం ఎందుకని ఈ రొట్టె ఒకటి పట్టుకెళ్ళాను."

రొట్టెల ఫ్యాక్టరీ యజమాని ఇంటికి రొట్టె కానుకగా పట్టుకెళ్ళే మనిషి ఊరంతటికీ ఆమె ఒక్కతే అయి ఉంటుంది. ఇంకోరోజయితే పుర్రచెయ్యి నవ్వేవాడు.

"ఆయన తిరగేసి చూశారు. గాట్లు చూశారు. ఎక్కడ కొన్నావమ్మా అని అడిగారు. నేను దారి కూడా చెప్పాను. గేటు దాటి ఎడమకి తిరగాలి అని."

"నీ తప్పేం లేదు," అన్నాడతను. "ఆయన ఒకప్పుడు నా పక్కన నిలబడి పిండి కోసినవాడు. నా గాటు ఆయనకి సంతకం కిందే లెక్క."

తల్లికి ఈ మాటలేవీ సరిగ్గా అందలేదు. అందరి మొహాలూ మార్చిమార్చి చూసి, "ఆవిడ పేరేమిటట?" అంది.

కోడలు ఆవిడ ఎడమ చెవి దగ్గర వంగింది. జోడు కాదత్తయ్యా, జాబు, అలాంటి ఆవిడెవరూ లేరు, బట్టీ ఉంది, మీ అబ్బాయి సాయంత్రాలు రొట్టెలు చేస్తున్నాడు అని ఒక్కో మాటా విడదీసి చెప్పింది. పెద్దావిడ బఠాణీకాయ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"జాబా," అంది. "నిన్నట్నుంచీ ఆ లేనిదాన్ని తిట్టుకుంటూ కూర్చున్నానే. మరి మీ అన్నయ్య వచ్చాక కూడా జోడనే అన్నావుగా నువ్వు, ఈ అబ్బాయి కాదనలేదేం?"

ఎవరూ వినరనుకున్నది చెవిటావిడ విన్నది. ఇంట్లో మిగిలిన చెవులన్నీ సూపర్‌వైజరు వైపు తిరిగాయి. ఆయన పెరటి గుమ్మంలో, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అవును," అంది చెల్లెలు. "నేను జోడన్నాను. నువ్వు కాదనలేదు."

ఇక దాచడానికి పుర్రచేతికి ఓపిక లేకపోయింది. మిషన్ల హాల్లో అడిగినదీ, ట్రే మీద రెండుసార్లు మోగినదీ, ఇంట్లో అనొద్దని క్యాంటీనులో చెప్పినదీ చెప్పాడు. సాయంత్రం ఆ మాట బావ నోటితో రాకపోతే ఉద్యోగం, ఇల్లు రెండూ పోతాయని చెప్పాడు. వస్తే బావ సూపర్‌వైజరు టోపీ పోవచ్చనీ చెప్పాడు. అది కూడా చెప్పడం న్యాయమనిపించింది. కోడలు విన్నదంతా అత్తగారి చెవిలో వేసింది, ఈసారి ఏ మాటా ఇంకో మాట కాకుండా.

గేటు అవతలి ఆడమనిషి కాదనీ, గుమ్మంలో నిలబడ్డ మనిషే అసలు చిక్కనీ ఇప్పుడు నలుగురికీ తెలుసు.

"నేను వంద కారణాలు చెప్పగలను చెల్లాయ్," అన్నాడు సూపర్‌వైజరు. "నాకూ ఇల్లుంది. అక్కడా ఇద్దరు నన్ను చూసుకునే బతుకుతున్నారు. ఆ చప్పుడు మధ్యలో నేనేదో ట్రే సర్దానంటే కాదనేవాళ్ళు ఎవరూ లేరు."

"నేను వంద అడగడం లేదు అన్నయ్యా." ఆమె బఠాణీల ట్రేని బల్ల అంచుదాకా, ఆయన చేతికి అందేలా జరిపింది. "ఆ రోజు నువ్వు ఇలాంటి ట్రే మీద కొట్టావో లేదో, అదొక్కటే. నోటితో చెప్పక్కర్లేదు. మీ హాల్లో చెప్పినట్టే చెప్పు. సాయంత్రం కూడా అదే చెబుతావనుకుంటాను."

ఆయన ట్రే వైపు చూశాడు. పక్కన ఉన్న రొట్టె వైపు చూశాడు. బావ వైపు మాత్రం చూడలేదు. టోపీ ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి ముడిచి రేకు మీదికి తెచ్చాడు.

టక్.

గింజలు ఉలిక్కిపడి మళ్ళీ కుదురుకున్నాయి. ఆయన చెయ్యి మళ్ళీ పైకి లేచింది, లేచి అక్కడే ఆగింది. చెల్లెలి కళ్ళు ఆ కణుపుల మీద ఉన్నాయి. ఒక చప్పుడంటే ఏమిటో, రెండయితే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ట్రే అంచు మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చున్న తల్లి తలెత్తింది.

"నా చేతికి ఒకటే తెలిసింది," అంది. "రెండోది మీకెవరికైనా వినబడిందా?"